ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి జి.ఐ.ఎస్.లోకి : మేము నేర్చుకున్న పాఠం



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ మేడమ్ అడిగినప్పుడు కవిత రాద్దామా, హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామా అని చాలాసేపు ఆలోచించాం. జ్ఞాపకాలు ప్రతి సంచికలోనూ ఉంటాయి. ట్రంకుపెట్టె తాళం చెవి పోగొట్టుకోవడం, ఆదివారం గేటు దగ్గర అమ్మానాన్నల కోసం ఎదురుచూడడం – వీటిని మాకంటే బాగా రాసే అక్కలు ఉన్నారు. అందుకే మాకు తెలిసిన ఒక పనిని పాఠంలాగా రాస్తున్నాం. ఈ పని నేర్చుకోవడానికి ఎవరికీ ఫీజు కట్టనక్కర్లేదు. ఒక మామూలు కంప్యూటరు, ఫోనులోంచి వచ్చే నెట్టు ఉంటే చాలు.

మేము అంటే ముగ్గురం. ముగ్గురమూ ఇదే హాస్టల్‌లో ఉండి పదో తరగతి దాటినవాళ్ళమే. ఇప్పుడు ఇరవై మూడేళ్ళు, భూగోళశాస్త్రంలో పి.జి. రెండో సంవత్సరం. మూడు ఇళ్ళలోనూ డిగ్రీ పాసైన మొదటి మనుషులం మేమే. రాస్తున్న చెయ్యి ఒకటే అయినా, చేసిన పని ముగ్గురిది.

పి.జి.లో మేము ఎంచుకున్న ప్రాజెక్టు ఇది: అనంతపురం జిల్లాలో మాలో ఒకరి మండలంలో బడికి దూరంగా ఉన్న పల్లెలు ఎన్ని? 2009 నాటి విద్యాహక్కు చట్టం కింద 2010లో కేంద్రం ఇచ్చిన నిబంధనల ప్రకారం 1 నుంచి 5 తరగతుల పిల్లలకు 1 కిలోమీటరు నడక దూరంలో, 6 నుంచి 8 తరగతుల వాళ్ళకు 3 కిలోమీటర్ల నడక దూరంలో బడి ఉండాలి. 'నడక దూరం' అన్న మాటను గుర్తుపెట్టుకోండి, చివర్లో దానితో పని ఉంది.

ఈ లెక్క వెయ్యాలంటే పల్లెలు ఎక్కడున్నాయో, బడులు ఎక్కడున్నాయో, దారులు ఎలా పోతాయో కంప్యూటరుకు తెలియాలి. ఆ సమాచారం మాకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దొరికింది.

బొమ్మ వేరు, సమాచారం వేరు

మన స్టడీ హాలు గోడకు జిల్లా పటం వేలాడుతూ ఉంటుంది కదా. అది బొమ్మ. దాని మీద వేలు పెట్టి ఊరు చూపించవచ్చు గానీ, 'ఈ పటంలో బడులు ఎన్ని?' అని దాన్ని అడగలేం. క్లాసు గ్రూపు ఫోటోకూ హాజరు పట్టీకీ ఉన్న తేడా లాంటిదే ఇది. ఫోటోలో ముఖాలు కనబడతాయి. పట్టీలో పేరు, నంబరు, ఎన్ని రోజులు వచ్చిందీ ఉంటాయి, వాటిని కూడవచ్చు, తీసివేయవచ్చు. జి.ఐ.ఎస్. సాఫ్ట్‌వేరుకు కావలసింది హాజరు పట్టీ లాంటి పటం.

ఫోనులో మనం రోజూ చూసే పటాల వెనుక కూడా అలాంటి సమాచారం ఉంటుంది. కానీ ఆ కంపెనీలు చూడనిస్తాయి, తీసుకుపోనివ్వవు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అలా కాదు. 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ అనే ఆయన దీన్ని మొదలుపెట్టారు. ఎవరైనా ఖాతా తెరిచి తమ వీధిని గీయవచ్చు, ఎవరైనా మొత్తం సమాచారాన్ని దించుకుని వాడుకోవచ్చు. 2012 నుంచి దీనికి ఓపెన్ డేటాబేస్ లైసెన్స్ అనే ఒప్పందం వర్తిస్తోంది. అందులో ముఖ్యమైన షరతులు రెండు. పటం వేసిన చోట ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ళ పేరు చెప్పాలి. ఆ సమాచారానికి మనం మార్పులు చేసి బయటికి ఇస్తే అదే ఒప్పందం కింద ఇవ్వాలి. మన దేశంలో పటాల తయారీకి ముందస్తు అనుమతుల బెడద ఉండేది. 2021 ఫిబ్రవరి 15న కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చిన మార్గదర్శకాలతో భారతీయులకు ఆ ఇబ్బంది చాలావరకు తొలగింది.

సాఫ్ట్‌వేరు సంగతి. మేము వాడింది క్యూజిఐఎస్. ఇది కూడా ఉచితమే. ల్యాబులో ఖరీదైన సాఫ్ట్‌వేరు వేరే ఉంది గానీ ఇద్దరికొక కంప్యూటరు, సాయంత్రం ఐదింటికి తాళం. మాలో ఒకరు స్కాలర్‌షిప్ డబ్బుతో కొన్న పాత ల్యాప్‌టాప్‌లో క్యూజిఐఎస్ బాగానే నడిచింది.

నోడ్, వే, రిలేషన్, ట్యాగ్

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రపంచమంతా మూడే మూడు రకాల వస్తువులతో కట్టి ఉంటుంది. ఒక బిందువు ఉంటే దాన్ని నోడ్ అంటారు. మన హాస్టల్ వెనుక బోరింగు ఒక నోడ్. బిందువులను వరుసగా కలిపితే వే. గేటు నుంచి బస్టాండుకు పోయే రోడ్డు ఒక వే. మొదలుపెట్టిన బిందువు దగ్గరికే తిరిగొచ్చి మూసుకుంటే అది ఆవరణ అవుతుంది, మన ప్రహరీ గోడ లాగా. కొన్ని వస్తువులను ఒక గుంపుగా చెప్పాల్సి వస్తే రిలేషన్. ఒక బస్సు తిరిగే రూటు పది రోడ్ల ముక్కలతో ఉంటుంది, వాటన్నిటినీ కలిపి కట్టిన మూట రిలేషన్.

ఇవన్నీ ఒట్టి గీతలే. ఆ గీత రోడ్డా, కాలువా అని చెప్పేది ట్యాగ్. ట్యాగ్‌కు ఎడమవైపు ఒక మాట, కుడివైపు ఒక మాట ఉంటాయి. ఎడమవైపు 'అమెనిటీ', కుడివైపు 'స్కూల్' అని ఉంటే అది బడి. 'ప్లేస్' కు ఎదురుగా 'విలేజ్' ఉంటే ఊరు, 'హామ్లెట్' ఉంటే చిన్న పల్లె. 'హైవే' అన్న మాట చూసి కంగారు పడొద్దు. అక్కడ హైవే అంటే జాతీయ రహదారి ఒక్కటే కాదు, కాలిబాట కూడా ఆ ట్యాగ్ కిందికే వస్తుంది. ఈ మాటలన్నీ కంప్యూటరులో ఇంగ్లీషు చిన్న అక్షరాలతోనే కొట్టాలి. ఒక్క పెద్ద అక్షరం పడినా వెతుకులాటలో ఏమీ దొరకదు. పేరుకు 'నేమ్' అనే ట్యాగ్, తెలుగు పేరుకు దాని పక్కనే కోలన్ పెట్టి టి, ఇ అక్షరాలు చేర్చిన మరో ట్యాగ్ ఉన్నాయి.

సమాచారం బయటికి తీయడం

దీనికి మూడు దారులు ఉన్నాయి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సైటులోనే 'ఎక్స్‌పోర్ట్' అనే బటన్ ఉంది. కనబడుతున్న ముక్కను దించుకోవచ్చు. కానీ అందులో 50,000 నోడ్‌లు దాటితే ఇవ్వదు. ఒక చిన్న ఊరికి సరిపోతుంది, మండలానికి చాలకపోవచ్చు.

రెండోది మాకు బాగా నచ్చింది. క్యూజిఐఎస్‌లో ప్లగిన్ల జాబితాకు పోయి క్విక్ ఓ.ఎస్.ఎం. అనే ప్లగిన్ దించుకోవాలి. ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో 'కీ' దగ్గర 'అమెనిటీ', 'వాల్యూ' దగ్గర 'స్కూల్' కొట్టి, 'కాన్వాస్ ఎక్స్‌టెంట్' ఎంచుకుంటే, తెర మీద కనబడే ప్రాంతంలోని బడులు మాత్రమే వచ్చి వాలతాయి. వెనుక నుంచి ఈ పని చేసేది ఓవర్‌పాస్ అనే సేవ. అది అందరికీ ఉచితంగా నడుస్తున్న సర్వరు కాబట్టి ఒక్కసారిగా రాష్ట్రమంతా అడగడం మర్యాద కాదు, అడిగినా మధ్యలో చేతులెత్తేస్తుంది.

మూడోది పెద్ద మూట. జర్మనీలోని కార్ల్స్‌రూహలో ఉన్న జియోఫాబ్రిక్ సంస్థ ప్రపంచాన్ని ముక్కలు చేసి ఫైళ్ళుగా పెడుతుంది. మన దేశానికి ఆరు మండలాలు ఉన్నాయి. మన రెండు తెలుగు రాష్ట్రాలూ, కర్ణాటక, తమిళనాడు, కేరళా 'సదరన్ జోన్' అనే ఫైలులో ఉంటాయి. రోజుకు ఒకటిన్నర జి.బి. ఫోను నెట్టుతో దించేవాళ్ళు తెల్లవారుజామున మొదలుపెట్టండి. మేము రాత్రి పది తర్వాత మొదలుపెట్టి, పన్నెండుకు నెట్టు అయిపోయి, మర్నాడు మళ్ళీ మొదటి నుంచి దించాం.

ఆ పెద్ద ఫైలు నుంచి మనకు కావలసిన ముక్కను ఆస్మియం అనే చిన్న ప్రోగ్రాముతో కోసుకోవచ్చు. దానికి నాలుగు అంకెలు ఇవ్వాలి: పడమటి రేఖాంశం, దక్షిణపు అక్షాంశం, తూర్పు రేఖాంశం, ఉత్తరపు అక్షాంశం. బడి పుస్తకాల్లో మనం ఎప్పుడూ అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత చదువుకున్నాం. ఆ అలవాటుతో తిప్పి కొట్టాం. ఫైలు ఖాళీగా వచ్చింది. అనంతపురం సుమారు 14.7 ఉత్తర అక్షాంశం, 77.6 తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది. వాటిని తారుమారు చేస్తే ఉత్తర ధ్రువం వైపు నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర తేలతాం. మంచులో మా మండలాన్ని వెతికామన్నమాట. ఇప్పటికీ మాలో ఎవరు ఏ తప్పు చేసినా 'స్వాల్‌బార్డ్' అంటాం.

మార్చుకోవడంలో మేము పడ్డ తిప్పలు

ఆ ఫైలును క్యూజిఐఎస్‌లోకి లాగి వదిలితే ఐదు పొరలు చూపిస్తుంది: పాయింట్స్, లైన్స్, మల్టీలైన్‌స్ట్రింగ్స్, మల్టీపాలిగన్స్, అదర్ రిలేషన్స్. ఇక్కడే మేము మొదటి పెద్ద తప్పు చేశాం. బడి అంటే బిందువే అనుకుని పాయింట్స్ పొర ఒక్కటే తీసుకున్నాం. కానీ ఒకరు బడిని బిందువుగా పెడతారు, ఇంకొకరు బడి ప్రహరీ మొత్తం గీస్తారు. ప్రహరీ గీసినవి మల్టీపాలిగన్స్ పొరలో ఉండిపోయాయి. మాలో ఒకరు చదివిన హైస్కూలే లెక్కలో లేదని చూసి తప్పు పట్టుకున్నాం. అప్పుడు ఆవరణలకు 'సెంట్రాయిడ్' అనే పనిముట్టుతో మధ్య బిందువులు తీసి, బిందువుల పొరతో కలిపాం. కలిపాక, ఒకే బడికి ప్రహరీ, దాని లోపల బిందువు రెండూ ఉంటే రెండుసార్లు లెక్కకొస్తుంది. అది కళ్ళతో చూసి తీసెయ్యాల్సిందే.

తెలుగు పేర్లు కూడా మొదట కనబడలేదు. అవి 'అదర్ ట్యాగ్స్' అనే ఒకే గడిలో, మిగతా అడ్డమైన సమాచారంతో కలిసి ఇరుక్కుని ఉంటాయి. ప్రాసెసింగ్ పెట్టెలో 'ఎక్స్‌ప్లోడ్ హెచ్‌స్టోర్ ఫీల్డ్' అనే పనిముట్టు వాటిని విడదీసి ఒక్కోదానికి ఒక్కో గడి ఇస్తుంది. క్విక్ ఓ.ఎస్.ఎం. ద్వారా తెచ్చుకుంటే ఈ బాధ లేదు, మొదటే విడివిడిగా వస్తాయి.

ఇక దాచుకోవడం. జి.ఐ.ఎస్. అనగానే అందరూ షేప్‌ఫైల్ అంటారు. అది 1990ల నాటిది. అన్ని సాఫ్ట్‌వేర్లూ చదువుతాయి, అదొక్కటే దాని గొప్ప. పేరుకు ఒక ఫైలు గానీ నిజానికి కనీసం మూడు నాలుగు ఫైళ్ళ గుంపు. మాలో ఒకరు పెన్‌డ్రైవ్‌లో చివర ఎస్.హెచ్.పి. ఉన్న ఫైలు ఒక్కటే వేసుకుని ల్యాబుకు వచ్చింది. పెళ్ళికి శుభలేఖ మర్చిపోయి కవరు పంచినట్టు అయింది. గడుల పేర్లు పది అక్షరాలకు మించకూడదు. మేము రోడ్డు దూరానికి 'డిస్టెన్స్ రోడ్' అనీ, వానాకాలం దూరానికి 'డిస్టెన్స్ రెయిన్' అనీ ఇంగ్లీషులో పేర్లు పెట్టుకుంటే రెండూ పదో అక్షరం దగ్గర తెగి ఒకే పేరయ్యాయి. సాఫ్ట్‌వేరు తనంతట తాను రెండోదానికి ఒక అంకె తగిలించింది. వారం తర్వాత ఏది ఏదో మాకే తెలియలేదు.

తెలుగువాళ్ళకు ఇంకో బాధ కూడా ఉంది. షేప్‌ఫైల్ గడిలో 254 బైట్లే పడతాయి. యూనికోడ్ యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, తెలుగు అక్షరం మూడు బైట్లు. గుణింతం గుర్తుకు మళ్ళీ మూడు, ఒత్తుకు ఆరు. అంటే వాళ్ళ గది మనకు మూడో వంతే. పైగా దాచేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యు.టి.ఎఫ్.-8 కాకుండా వేరేది ఎంచితే పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. అందుకని మా సలహా: 2014లో వచ్చిన జియోప్యాకేజీ అనే రూపంలో దాచుకోండి. ఒకే ఫైలు, పొడుగు పేర్లు, తెలుగు చక్కగా. ఎవరైనా షేప్‌ఫైలే కావాలంటే అప్పుడు మార్చి ఇవ్వండి.

డిగ్రీలు, మీటర్లు

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారం అంతా అక్షాంశ రేఖాంశాల్లో, అంటే డిగ్రీల్లో ఉంటుంది. దానికి ఇ.పి.ఎస్.జి. 4326 అనే నంబరు. మేము బడుల చుట్టూ కిలోమీటరు వలయం గీద్దామని 'బఫర్' పనిముట్టులో 1 అని కొట్టాం. అది ఒక డిగ్రీ అనుకుంది. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు. ఒక్క ప్రాథమిక పాఠశాల వలయంలో బళ్ళారి కూడా పడింది.

అందువల్ల ముందు పొరను మీటర్లలో ఉండే పద్ధతిలోకి మార్చుకోవాలి. మనవైపు యు.టి.ఎం. జోన్లు వాడతారు. 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య జోన్ 44, నంబరు 32644. హైదరాబాదు, విజయవాడ, రెండు రాష్ట్రాల్లో చాలా భాగం ఇందులోనే. అనంతపురం 78కి పడమర ఉంది కాబట్టి జోన్ 43, నంబరు 32643. అటు చివర ఇచ్ఛాపురం 84 దాటింది కాబట్టి జోన్ 45. పొర మీద కుడి నొక్కు నొక్కి 'సేవ్ ఫీచర్స్ యాజ్' దగ్గర ఈ నంబరు ఎంచుకుంటే చాలు. వెబ్ పటాల్లో వాడే 3857 అనే పద్ధతి కూడా మీటర్లే అంటుంది, నమ్మొద్దు. అనంతపురం దగ్గర దాంట్లో కిలోమీటరు దూరం 1,034 మీటర్లుగా కనబడుతుంది. ఉత్తరానికి పోయేకొద్దీ తేడా పెరుగుతుంది.

జవాబు సున్నా

ఇన్ని తిప్పలూ పడ్డాక చివరికి లెక్క నడిచింది. బడికి కిలోమీటరు అవతల ఉన్న పల్లెలు ఎన్ని అంటే కంప్యూటరు సున్నా అంది.

మా ముగ్గురిలో ఇద్దరం సంతోషపడ్డాం. మూడో ఆమె మాట్లాడలేదు. ఆమె ఎస్సీ కాలనీ ఆ మండలంలోనే ఉంది. కాలనీకీ ఊరికీ మధ్య వంక ఉంది. బడి వంకకు అవతల, ఊళ్ళో. సెప్టెంబరు, అక్టోబరు వానలకు వంక వస్తే కాలనీ పిల్లలు బడికి పోరు. వాళ్ళ అక్క అలా రెండు వానాకాలాలు ఆగి ఆగి, నాలుగో తరగతిలో పూర్తిగా ఆగిపోయింది. ఈమెను మాత్రం వాళ్ళ నాన్న మన హాస్టల్‌లో వేశారు. అదీ ఆమె ఇక్కడికి వచ్చిన కారణం. అన్నేళ్ళు ఒకే గదిలో పక్కపక్కన పడుకున్నాం, ఆ సున్నా వచ్చిన రోజు వరకు మాకు ఆ సంగతి తెలియదు.

కాలనీ ఉన్నచోట పటాన్ని పెద్దది చేసి చూశాం. తెల్లగా ఉంది. ఇళ్ళు లేవు, పేరు లేదు, బాట లేదు. వంక కూడా లేదు. ఊరు ఉంది, ఊళ్ళో బడి ఉంది, కాబట్టి లెక్క సరిగ్గానే వచ్చింది. తప్పు చేసింది కంప్యూటరు కాదు. ఎవరో ఊరు గీశారు, కాలనీ గీయలేదు. గీయనిదాన్ని సాఫ్ట్‌వేరు దూరంగా ఉందని చెప్పదు, అసలు లేదనే అనుకుంటుంది. మూడు నెలలుగా సమాచారాన్ని ఎలా తీయాలి, ఎలా మార్చాలి అని కుస్తీ పడ్డాం గానీ, ఆ సమాచారంలో ఏం లేదో చూడాలని మాకు తట్టలేదు. మీరు ఏ ప్రాంతం ఫైలు తీసినా ముందు కింద ఉపగ్రహ చిత్రం పెట్టి, ఇళ్ళ కప్పులు కనబడుతూ పటంలో ఖాళీగా ఉన్న చోట్లు వెతకండి. మేము అలా వెతికితే ఆ ఒక్క మండలంలోనే మరికొన్ని పల్లెలు దొరికాయి. అందులో చాలావరకు ఊరికి ఒక పక్కగా ఉన్నవే.

గీయడం, పేరు పెట్టడం

సంక్రాంతి సెలవుల్లో ముగ్గురం ఆ కాలనీకి పోయాం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సైటులోనే గీసే ఏర్పాటు ఉంది. అందులో వాడుకోవడానికి అనుమతి ఉన్న ఉపగ్రహ చిత్రాలు కనబడతాయి, వాటి మీద గీయవచ్చు. ఇతర కంపెనీల పటాల్లోంచి చూసి కాపీ కొట్టకూడదు. ఇళ్ళు చిత్రం చూసి గీశాం. బాటలు మాత్రం ఫోనులో జి.పి.ఎస్. పెట్టుకుని నడిచాం. వెనకాల పిల్లలు, వాళ్ళ వెనకాల ఒక కుక్క. వంకకు 'వాటర్‌వే' ఎదురుగా 'స్ట్రీమ్' అనీ, ఏడాదంతా పారదు కాబట్టి 'ఇంటర్మిటెంట్' ఎదురుగా 'ఎస్' అనీ పెట్టాం. బాట వంకను దాటే చోట 'ఫోర్డ్' అనే ట్యాగ్. అంటే వంతెన లేదు, నీళ్ళలో దిగి దాటాలి అని అర్థం.

పేరు దగ్గర ఆగిపోయాం. పాత రికార్డుల్లో ఊరి పేరుకు కులం మాట తగిలించి ఉంది. ఊళ్ళోవాళ్ళు పిలిచేది ఇంకోటి, దాన్ని ఇక్కడ రాయం. పదేళ్ళ కిందట కాలనీవాళ్ళు మొదట్లో అంబేద్కర్ నగర్ అని బోర్డు పెట్టుకున్నారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పాత పేరుకు ఒక ట్యాగ్, మారుపేరుకు ఒక ట్యాగ్, అధికారిక పేరుకు ఒక ట్యాగ్ అన్నీ ఉన్నాయి. అన్నీ నింపితే సమాచారం సంపూర్ణంగా ఉంటుందని మాలో ఒకరి వాదన. రికార్డుల్లో వెతికేవాళ్ళకు ఉపయోగమే కదా అంది. ఇంటామె ఒప్పుకోలేదు. చివరికి వాళ్ళ పెద్దమ్మను అడిగాం.

"రేషన్ కార్డులో ఉండేది ఒకటి, కండక్టరు అరిచేది ఒకటి. బోర్డు మేమే చందాలేసి రాయించినాం పాపా. అదే పెట్టు" అంది ఆమె.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కూడా నేల మీద ఉన్నదే రాయాలనేది ఒక నియమంగా పాటిస్తారు. బోర్డు నేల మీదే ఉంది. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఆ పేరే పెట్టాం, మిగతా ట్యాగులు ఖాళీగా వదిలేశాం. రేపు ఎవరైనా నింపవచ్చు, అది మన చేతిలో లేదు. కానీ మా చేత్తో మేము నింపలేదు.

నడక దూరం

మనం గీసినవి ఓవర్‌పాస్‌లో కొన్ని నిమిషాల్లోనే కనబడతాయి. జియోఫాబ్రిక్ ఫైళ్ళు మామూలుగా రోజుకొకసారి మారతాయి. అదే రాత్రి ఫోను నెట్టుతో మళ్ళీ సమాచారం దించి లెక్క నడిపాం. ఈసారి కాలనీ వచ్చింది. కానీ జవాబు మళ్ళీ సున్నాయే.

ఎందుకంటే కాలనీ నుంచి బడికి కాకి పోయే దూరం 740 మీటర్లు. వలయం లోపలే. అప్పుడు చట్టంలోని మాట గుర్తొచ్చింది. బఫర్ పనిముట్టు కాకి లెక్క వేస్తుంది, పిల్లలు నడుస్తారు. నడక దూరానికి 'నెట్‌వర్క్ అనాలిసిస్' కింద 'షార్టెస్ట్ పాత్' అనే పనిముట్టు ఉంది. బయలుదేరే బిందువు, చేరే బిందువు ఇస్తే దారుల వెంట కొలుస్తుంది. మొదటిసారి అది మా కాలిబాటను వదిలేసి చుట్టు తిరిగింది. చూస్తే మేము గీసిన బాట చివర ఊరి రోడ్డును ఆనుకున్నట్టు కనబడుతోంది గానీ నిజంగా తగల్లేదు, మధ్యలో రెండు మీటర్ల సందు. రెండు దారులకూ ఒకే నోడ్ ఉమ్మడిగా ఉంటేనే సాఫ్ట్‌వేరు దాటుతుంది. సరిచేసి మళ్ళీ నడిపాం. వంకలో దిగి పోతే 910 మీటర్లు. ఫోర్డ్ ఉన్న ముక్కను తీసేసి, అంటే వంక వచ్చిందనుకుని నడిపితే, తారురోడ్డు మీది వంతెన చుట్టూ తిరిగి 2 కిలోమీటర్ల 600 మీటర్లు. ఐదేళ్ళ పిల్ల నడవాల్సిన దూరం అది.

ఎండాకాలం పటం ఒకటి, వానాకాలం పటం ఒకటి వేశాం. కింద మూలన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ళ పేరు రాశాం. వంక మీద కల్వర్టు కావాలని కాలనీవాళ్ళు సంతకాలు, వేలిముద్రలు పెట్టిన అర్జీకి ఆ రెండు పటాలూ జతచేసి మండల కార్యాలయంలో ఇచ్చాం. తీసుకున్న ఉద్యోగి పటాలను అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ కాలనీ ఆ ఊళ్ళోదే కదమ్మా, వేరే ఊరు కాదు కదా" అన్నారు.

"వంక ఎండినప్పుడు ఊళ్ళోదే సార్" అంది మా స్నేహితురాలు.

ఆయన ఇంకేమీ అనలేదు. ముద్ర వేసి రసీదు ఇచ్చారు. కల్వర్టు ఇంకా రాలేదు. మొన్న ఉగాదికి ఒక ఇంజనీరు వచ్చి టేపుతో కొలుచుకుపోయారని పెద్దమ్మ ఫోనులో చెప్పింది.

మన హాస్టల్‌ను కూడా పటంలో గీశాం. ప్రహరీ, రెండు భవనాలు, బోరింగు, గేటు ముందర రోడ్డు ఉన్నాయి. హాస్టల్ నుంచి జూనియర్ కాలేజీకి పోయే అడ్డదారి ఇంకా గీయలేదు. దాని మీద వీధిదీపాలు ఎన్ని వెలుగుతున్నాయో ఇక్కడ ఉండే మీకే తెలుసు. ఒక్కో దీపానికి ఒక నోడ్, 'హైవే' ఎదురుగా 'స్ట్రీట్ ల్యాంప్' అన్న ట్యాగ్. మండలం జియోప్యాకేజీ, క్యూజిఐఎస్ సాఫ్ట్‌వేరు రెండూ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి వార్డెన్ మేడమ్ దగ్గర ఉంచాం. స్టడీ అవర్ అయ్యాక అడిగి తీసుకోండి. సంక్రాంతి సెలవులకు మేము వస్తాం. అప్పటికి ఇన్‌స్టాల్ చేసి ఉంచితే ఒక రోజు కలిసొస్తుంది.